ఆరు సున్నా ఎనిమిది

సిరిపురంలో ఆ కొట్టుకి మెట్లెక్కి వెళ్ళాలి.
గోడ నిండా బల్లలు,
చేపల బజార్లో కోనేం చేపల్లా
మూతులు పైకెత్తి నిలబడ్డాయి.

బడి హాజరులో లోహిత, ఇంట్లో పైడి.
పద్నాలుగేళ్ళ నా కూతురు
వరస చివర ఒకదాని ముందు ఆగిపోయింది.
నల్లటి పుర్రె, దాని నోట్లో గులాబీ.
"అమ్మా, ఇదే."

కొట్టు కుర్రాడి మోచేతి మీద
పెచ్చు కట్టిన దెబ్బ. అది చూసి కొంచెం నమ్మాను.
పడనివాడి దగ్గర ఇలాంటివి కొనకూడదు.
"దీని ట్రక్కులు బాగుంటాయండి" అన్నాడు.
ట్రక్కంటే నాకు
పోర్టు గేటు దగ్గర వరస కట్టి
మా కిటికీ తెరల్లోకి బొగ్గు దులిపేవే తెలుసు.
పైడి నవ్వాపుకోలేక అటు తిరిగింది.

పొట్టిది గెంతడానికి, పొడుగుది పోవడానికి.
ఇంతవరకు అర్థమైంది.
మెత్త చక్రమైతే గులకరాయి మీంచి దాటిపోతుందట,
గట్టి చక్రమైతే రాయి దగ్గర బల్ల ఆగుతుంది,
పిల్ల ఆగదు.
ఆ మాట కుర్రాడు నవ్వుతూ చెప్పాడు.
నేను నవ్వలేదు.

పుర్రె బల్ల చక్రం వేలితో మీటాను.
గరగర.
పదకొండేళ్ళుగా కంచరపాలెంలో
బేరింగుల కౌంటరు నాది.
మిక్సీలు, ఫ్యాన్లు, పిండిమర మోటార్లు,
ఈ ఊళ్ళో తిరగలేక తిరిగేవన్నీ
గుడ్డలో చుట్టుకుని నా ముందుకే వస్తాయి.
చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే
లోపల ఏ గుండు అరిగిందో అదే చెబుతుంది.

"ఇది కాదే గుంటా."
"బొమ్మ బాగుంది కదమ్మా!"
"బొమ్మ అడుగునుంటాది. రోడ్డు చూస్తాది దాన్ని.
నువ్వు చూస్తావేటి?"

కుర్రాడు మూలనుంచి ఇంకోటి తీశాడు.
బొమ్మ లేదు. ఎండిన వెదురు రంగు.
ఎవరి పిల్లాడో మూడు నెలలు తొక్కాక
పరీక్షల ముందు ఇంట్లోవాళ్ళు గుంజుకుని అమ్మేశారట.
పైడిని ఎక్కమన్నాను.
బల్ల నడుం కొంచెం వంగి, మళ్ళీ లేచింది,
ఈ బరువు పరవాలేదన్నట్టు.
చక్రం మీటి వదిలాను.
మూడువేల ఎనిమిదొందల దగ్గర బేరం తెగేసరికి
ఇంకా తిరుగుతూనే ఉంది, చప్పుడు లేకుండా.

అప్పుడు బోర్లించి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను.
ఉక్కు అంచు మీద చీమకాళ్ళంత అంకెలు.
ఆరు సున్నా ఎనిమిది.
ఓసి, నువ్వా!
రోజుకి పది అమ్ముతాను నిన్ను.

హెల్మెట్టుకి నా చీటీ డబ్బు. రంగు పైడి ఇష్టం.
షరతు ఒక్కటే.
ఆగడం వచ్చేదాకా
పాండురంగపురం డౌను వైపు చూడకూడదు.
"ముందు వెళ్ళడం నేర్చుకోవాలి కదా?"
"కాదు."

తెల్లారి అయిదున్నర.
బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసిన వేళ.
ఏ కాలు ముందుంచాలో తేలక
పైడి మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగింది.
చెప్పకుండా వెనకనుంచి తోయండి,
ముందు పడిందే ముందుకాలు అన్నాడు కుర్రాడు.
తోశాను.
కుడికాలు.
ఈ పిల్లని ఇంతకుముందెప్పుడూ తోసిన గుర్తు లేదు నాకు.
పట్టుకోవడమే.

సబ్‌మెరైన్ దాటి పోతోంది ఇప్పుడు,
చేతులు రెండూ ఎడంగా, గాలిని బేరమాడుతున్నట్టు.
ఎవరో పెద్దాయన వాకింగ్ ఆపి కర్ర పక్కకి తీశాడు.
నేను అలల్లోంచి ఆ చక్రాల చప్పుడు
ఏరుకుని వింటున్నాను.
ఎనిమిది బేరింగులు. ఒక్కటీ గొణగడం లేదు.

ఈ ఉప్పుగాలి రెండు నెలలు ఊరుకుంటుంది, అంతే.
తర్వాత తుప్పు.
కౌంటరు కింది సొరుగులో
నూనె కాయితంలో చుట్టి ఎనిమిది పక్కన పెట్టాను.
బిల్లు ఇంకా రాయలేదు.