పోలే

దార్ ఎస్ సలామ్‌ల పదిహేను రోజులు.
బోరుబండ్ల కంపెనీ వీరేశానికి టికెట్ కొన్నది,
నాది మేమే కొనుక్కున్నం.
"రూం నువ్వే చూడు, గివన్నీ నీకే ఎరుక" అని
ఫోను నా చేతిల పెట్టి స్నానానికి పోయిండు.

నిజమే.
టోలిచౌకిల పదకొండేండ్ల సంది
మీది అంతస్తు కిరాయికిచ్చేదాన్ని నేను,
దవాఖానకొచ్చే దూరదేశపోళ్ళకు.
నెలకింత, కరెంటు వేరే, రెండు నెలల అడ్వాన్సు.
గీజరు నడుస్తదా, రాత్రిపూట ఆటో దొరుకుతదా,
వండుకోనిస్తరా
వాళ్ళడిగినయే ఇయ్యాల నేను అడుగుతున్న.

మసాకి ఒడ్డున తెల్లటి హోటలు.
పరద జరిపితే సముద్రమంట.
ఒక్క రాత్రి పైసలతోని
మా ఇంటికి సున్నమేయొచ్చు.

ఉపాంగల గుజరాతోళ్ళ లాడ్జి.
పప్పు, చపాతి దొరుకుతయి. మాంసం వండొద్దని బోర్డు.
అసొంటి బోర్డే నేనూ ఒక ఏడాది తగిలించిన,
మెట్ల కాడ, చెప్పుల స్టాండు మీద.

కరియాకో బజారు ఎనక సందుల ఒకటి మస్తు అగ్గువ.
ఫొటోల దుప్పటి మడత చూస్తే చాలు,
పరుపు ఏడ కుంగిందో చెప్పగలుగుత.
నేనూ గట్లనే మడిచి ఫొటో తీస్త.

మ్యాపు జర పక్కకు జరిపిన.
నీళ్ళ మీద చుక్కల గీత, పడవ దాటే తొవ్వ.
అవతలి ఒడ్డు పేరు కిగంబోని.
వేలు ఆగింది.

మ్వానాఈది ఇల్లు ఆడనే.

నాలుగు నెలలు మా నెత్తి మీద నడిచింది ఆమె.
కొడుకు హమీసికి గుండెల రంధ్రం.
తెల్లారకముందే లేచి కొబ్బరిపాలల్ల అన్నం వండేది,
దవాఖాన తిండి పిల్లగాడు ముట్టడని.
ఆ వాసనకు మెలుకువొచ్చి తిట్టుకునేదాన్ని.
తిట్టుకుంటుంటేనే ఆకలయ్యేది.

ఒకనాడు మెట్ల మీద జారి కూలవడ్డ.
ఉరికొచ్చి నా మడిమ ఒడిల పెట్టుకొని
"పోలే, పోలే" అన్నది.
నొప్పి పోలేదా అని అడుగుతున్నదనుకొని
"పోలే" అన్న నేను.
ఇద్దరం బండ మీద కూసోని
పోలే పోలే అనుకుంటున్నం,
కింద పాలపిలగాడు నోరు తెరిచి చూస్తుండె.

ఖాళీ చేసేనాడు వంటింటి గోడ చూసిన.
పొయ్యి ఎనక పసుపు మరక, పరిచిన చెయ్యంత.
తడిబట్టతోని రుద్దిన, చాకుతోని గీకిన. పోలే.
పక్కన నిలవడి ఆమె కూడ మెల్లగ అన్నది, "పోలే."
ఎక్కిరిస్తుందనుకున్న.
అడ్వాన్సుల మూడు వేలు పట్టుకున్న.

మిగిలిన నోట్లు లెక్కపెట్టకుంటనే మడుచుకున్నది.
మెహదీపట్నంల కొన్న కుక్కరు నాకిడిచిపోయింది,
రబ్బరు కొత్తది ఏసి మరీ.
ఇప్పటికీ పప్పు దాంట్లనే.

మొన్న ఎండకాలం పైకొచ్చిన నర్సమ్మ,
వాళ్ళ దేశపామెనే, చెప్పింది నాకు.
ఎదుటోళ్ళకు కష్టమొస్తే అనే మాటంట అది.
తప్పు మనదే కానక్కర్లేదంట,
చూసినోళ్ళు ఎవరైనా అంటరంట.

ఆ గోడకు సున్నం మాత్రం ఎయ్యలే.
మూడేండ్లయింది.
తర్వాతొచ్చిన సూడానోళ్ళు
దాని మీద క్యాలెండరు తగిలించుకున్నరు.

రంజాన్‌కు హమీసి ఫొటో వస్తది,
మోకాలంత బురద, సంకల బంతి.
నేనొక పువ్వు బొమ్మ పంపి ఊకుంట.
వస్తున్నమని చెప్పలే.
చెప్తే రూం ఎందుకంటది,
నాకు ఆమె మంచం ఇచ్చి ఆమె చాపేసుకుంటది.
తెల్లారకముందే ఆ వాసన.
ఎవరింట్ల పండుకుంటే ఖర్చెంతో
ఏ ఫొటో కింద రాయరు.

వీరేశం తల తుడుచుకుంట వచ్చి
"దొరికిందా?" అన్నడు.
"ఆ పడవ రాత్రి ఎన్నింటిదాంక నడుస్తదో చూడాలె" అన్న.
"పడవెందుకు?"
"మూడు వేలకు ఆడ షిల్లింగులెన్నొస్తయో అది కూడ."
"ఏం మూడు వేలు?"

"గోడవి" అన్న.