తెర తాడు

మైకు ముందు నిలబడ్డ కుర్రాడు
పునరుజ్జీవనం అన్నాడు.
నోరు తిరగని మాట. ఇంటికొచ్చాక రెండుసార్లు అనుకుని చూశాను.
మళ్ళీ బతకడమేనట.
అయితే చచ్చిందెవరో ముందు చెప్పాలి కదా.

నేను తెర లాగేవాణ్ణి.
పగలు హార్బర్లో ఓడ తాళ్ళు,
రాత్రి వన్‌టౌన్లో, ఉప్పు గోదాము వెనక రేకుల హాల్లో
ఒకే ఒక్క తాడు.
ఓడ తాడు అరచేతిని కోస్తుంది.
తెర తాడు పట్టుకుంటే
అవతల మూడొందల మంది ఊపిరి
వేళ్ళకి తెలుస్తుంది.

అప్పట్లో మా హీరోయిను పొట్నూరి పైడిరాజు.
క్రేను దగ్గర ఫిట్టరు.
మాంగనీసు దుమ్ము కడుక్కుని, మీసం గీసుకుని,
అర్దళం పూసుకుని కూచుంటే
వాళ్ళావిడే గుర్తుపట్టక
"ఎవుర్తివే నువ్వు" అనీసింది ఓసారి.
పదహారేళ్ళు ఏడ్చాడు మా స్టేజీ మీద,
ఆడవాళ్ళందరి బదులూ.

ఆడవాళ్ళు ఎడమపక్క, వెదురు తడక అవతల.
సందుల్లోంచి చూసేవాళ్ళు
తమ ఏడుపు మగాడి గొంతులో ఎలా ఉంటుందో.

అరవై నాలుగు ఎండాకాలం
అల్లిపురం నుంచి, బీడీలు చుట్టే కోరాడ తవిటమ్మ వచ్చి
"నాకూ ఓ వేషం ఇయ్యండి" అంది.
కమిటీ మూడు రాత్రులు తగువాడింది.
పరువన్నారు, కులమన్నారు, రిహార్సలుకి తోడెవరన్నారు.
మూడో రాత్రి పైడిరాజు
తన ట్రంకు పెట్టె మోసుకొచ్చి ఆమె ముందు తెరిచాడు.
సవరాలు, గాజురాళ్ళ ముక్కుపుడక, జరీ ఊడిన ఎర్ర చీర.
"దీనికి నా భుజాలు అలవాటైపోయాయి.
రెండాటలు ఓర్చుకో" అన్నాడు.

ఆ రాత్రి తెర లాగాను.
ఈలలు. ఒక చెప్పు.
రెండోదాని కోసం ఎవడో వంగాడు కూడా.

మొగుడు తలుపేసుకున్నాక బయట మిగిలిన మనిషి వేషం.
తలుపు కొడుతూ ఏడవాలి. పుస్తకంలో అలాగే ఉంది.
తవిటమ్మ ఏడవలేదు.
తలుపు వంక ఓసారి చూసి, కొంగు దులుపుకుని,
గుమ్మం ముందే కూచుని బీడీలు చుట్టడం మొదలెట్టింది.
ఉత్తి వేళ్ళతో. ఆకు లేదు, దారం లేదు.
వెయ్యి చుట్టేదాకా లేవనన్నట్టు.

ప్రాంప్టరు మాట అందిస్తూనే ఉన్నాడు. ఆమె అందుకోలేదు.
నా చేతిలో తాడు బిగుసుకుంది.
అప్పుడు తడక అవతల ఎవరో నవ్వారు,
ఏడుపు ఘట్టంలో.
తర్వాత ఇంకొకరు. తర్వాత లెక్క తెలీలేదు.
తడక కట్టిన పురికొస ఎక్కడో తెగింది.

లోకం మారిపోయిందని చెప్పను.
తవిటమ్మకి రెండు సంబంధాలు తప్పిపోయాయి.
పైడిరాజు చచ్చేదాకా
గ్లాసు పట్టుకుంటే చిటికెన వేలు ఎత్తేవాడు.
తడక మాత్రం మళ్ళీ కట్టలేదు.
కట్టమని ఎవరూ అడగలేదు,
వెదుర్లు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు.
మొగుడు కేకలేసిన రోజు
కొళాయి దగ్గర ఆడాళ్ళు
"ఒలే, బీడీలు చుట్టీయే" అనుకుని నవ్వుకునీవోరు.

తర్వాత టీవీలొచ్చాయి. హాలుకి తాళం. తాళానికి తుప్పు.
తాడు నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఎందుకో.

ఇప్పుడు ఈ పిల్లలు తలుపులు తీశారు.
జాలరిపేట పిల్ల ఒకర్తి గోడంతా వల బొమ్మ వేసింది,
చిరుగులతో సహా.
తాడు భుజాన వేసుకుని వెళ్ళాను.
"తాతా, మా నాటకానికి తెర లేదు" అన్నారు.
నటులు జనంలోనే కూచుంటారట,
అక్కణ్ణుంచే లేచి మాట్లాడతారట.
ఎవరు ఆడుతున్నారో ఎవరు చూస్తున్నారో తెలీదట.
మరి నేనేం లాగను?

పైడిరాజుకి మూడు రాత్రులు పట్టింది.
నాకు ఇంకా పడుతోంది.

చివరి వరసలో కూచున్నాను.
వల బొమ్మ వేసిన పిల్ల పక్కన చేరి
తాడు అటూ ఇటూ తిప్పి చూసింది.
"దీన్తో పడవ కట్టొచ్చా?"
కట్టొచ్చు.
ముడి నేను చూపిస్తాను, ఇలా తే.