నిద్రగన్నేరు కింద

కాజీపేట రైల్వే కాలనీలో మాకిచ్చిన క్వార్టరు ముందు
పదిహేనడుగుల జాగా.
దాని మీద మూడిళ్లకు సరిపోయే నిద్రగన్నేరు.
నిజాం రైలు నాటిదంటారు.
ఎవర్నడిగినా ఇంకొకరు చెప్పారనే చెబుతారు.

మొదట గరిక నాటాను.
చావదని పేరున్న గడ్డి కదా,
ఎండకు మాడి, మేకల నోట్లో పడి,
ఒక్క జల్లుకే లేచి కూచునే గడ్డి.
ఈ నీడలో రెండు నెలలకే
సన్నబడి, సాగి, పసుపుబారి
వెలుతురు ఎటుంటే అటు మెడ చాచి
అట్లాగే ఒరిగిపోయింది.

నేను గూడ్సు గార్డును.
రాత్రంతా రామగుండం బొగ్గు వెనక
ఆఖరి పెట్టెలో ఊగి ఊగి వచ్చి
పగలు కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకుంటాను.
సూర్యుడు నాకు రెండు చివర్లలోనే తెలుసు,
దిగేటప్పుడొకసారి, ఎక్కేటప్పుడొకసారి.

ఎండుతోందని నీళ్లు పెట్టాను. నాచు పట్టింది.
పాలిపోయిందని యూరియా చల్లాను. కుళ్లింది.
నీటుగా ఉంటుందని కురచగా కోశాను.
వారం రోజులు అందరూ మెచ్చుకున్నారు,
తర్వాత నడినెత్తి బట్టతలలా
ఎర్రమొరం బయటపడింది.

గ్యాంగ్‌మన్‌గా రిటైరైన ఓదెలు
పాలప్యాకెట్టుతో గోడవతల ఆగి చూశాడు.
"కడుపునిండ వెట్టితె బతుకుతదనుకున్నవా సారూ?
ఎండ లేనిదానికి ఆకలెక్కడిది?"

మర్నాడు గడ్డపార భుజాన వేసుకొని వచ్చాడు.
జానెడుకొక పోటు పొడుస్తూ పోయాడు,
వేరు తగిలినచోట
ఎవరి కాలో తొక్కినట్టు చప్పున పక్కకు జరుగుతూ.
"ముప్పై ఆరేండ్లు కంకర కొట్టి కొట్టి
భూమిని గట్టిజేసుడే నా పని.
జర కదిలితె బండి వడిపోతదని భయం.
గిప్పుడు గదే చేత్తోని
వదులు జేస్తున్న సూడు."
నవ్వాడు. కాసేపు గడ్డపారకానుకొని
ఏమీ మాట్లాడలేదు.
అవతల లూప్‌లైనులో ఏదో ఇంజను కూత వేసింది.

రెస్టు దొరికిన రోజున
గంటకోసారి లేచి
వెలుతురు పడ్డ చోటల్లా ముగ్గుపిండితో చుక్క పెట్టాను.
"అన్నీ చుక్కలేనా? కలిపేటోళ్లు లేరా?"
అన్నది స్వరూప, చాటలో బియ్యం చెరుగుతూ.
సాయంత్రం తనే కూచుని కలిపింది:
ప్రహరీ పక్కన మూడు గంటల ఎండ,
మెట్ల దగ్గర గంటన్నర,
మొదట్లో ఏమీ లేదు.

పెద్ద కొమ్మ జోలికి పోలేదు.
కిందికి వాలిన నాలుగు రెమ్మలు తీయించాం.
మూలన గుంతలో మాగిన దాని ఆకునే తీసి
దాని పాదాల దగ్గరే పరిచాం.
హంటర్ రోడ్డు నర్సరీలో, నీడకు ఓర్చుకునే
వెడల్పాకు గడ్డి పిలకలు తెచ్చి
మిరుగం వాన పడ్డాక గుచ్చాం.
ఇప్పుడు నాలుగు వేళ్ల ఎత్తుకు తగ్గనివ్వను.
ఆకే దాని గిన్నె, గిన్నె కోసేస్తే ఎందులో తింటుంది?
నీళ్లు తెల్లారగట్లే, అదీ వేలు గుచ్చి చూశాకే.
రాలిన ఆకును మాత్రం రాత్రి దాటనివ్వను,
తడిసి ఒకదానికొకటి అంటుకుందంటే
దుప్పటే.

ఆరింటికి నేను సంచీ, జెండాలు సర్దుకునే వేళకు
చెట్టు ఆకులు ముడుచుకుంటుంది.
మబ్బు పట్టినా అంతే,
ఎండను ఆపినంత గట్టిగా వానను ఆపదు,
చేతులు దగ్గరికి తీసుకొని
నేరుగా గడ్డి మీదికే దారి ఇస్తుంది.
ఇరవయ్యేళ్ల సర్వీసులో
ఇది నేను మొన్ననే చూశాను.

గడ్డి దట్టంగా ఏమీ లేదు.
రోడ్డు మీంచి చూస్తే సందుల్లో మన్ను కనిపిస్తుంది.
మొదలు చుట్టూ మూరెడు మేర వదిలేశాం,
అక్కడ ఓదెలు స్టూలు ఉంటుంది,
జిగురుకాయలు రాలి దాని మీదే పడతాయి.

పొద్దున డ్యూటీ దిగి
బూట్లు మెట్ల మీద విడిచి
ఆ మూడు గంటల ఎండ పడే చోట నిలబడతాను.
పాదాలకు నిన్నటి బొగ్గు, ఇవాళ్టి తడి.
ఈమధ్య కిటికీకి దుప్పటి
సగమే కడుతున్నాను.