చెక్కని పన్ను

బెజవాడ కొట్టు నుంచి దువ్వెన తిరిగొచ్చింది.
అట్టపెట్టెలో చీటీ: ఒక పన్ను విరిగింది, డబ్బు వాపసు ఇవ్వాలి.

విరగలేదు సేటూ.
అది మేం చెక్కని పన్ను.

ఉదయగిరిలో, సాయంత్రం కంటే ముందే దుర్గం నీడ వాలే వీధిలో
ఇంటికొక మొద్దు, ఒక బాడిస, ఒక పొడి దగ్గు.
నానీ జులేఖాబీ గరిటెలు చెక్కుతుంటే
బర్రెంకాకుతో రుద్ది నునుపు చెయ్యడం నా పని.
ఆకు గరుకు, నా వేళ్ళు గరుకు,
చెక్క మాత్రం పసిదాని చెంప.

కలప తెచ్చేది మానికల పోలమ్మ.
మోపులో నర్ది, కలివి, బిక్కి,
అన్నిటికీ అడుగున, తడిగుడ్డ చుట్టి, పాలబరికె.
"ఇది అడిగి తెచ్చిన కట్టెమే" అనేది.
ఎవర్నడిగావంటే
"ఇంకెవుర్ని? అక్కల్ని."

పోలమ్మకి వాళ్ళు అక్కలు, ఏడుగురు.
నానీకి వాళ్ళు పరీలు, లెక్క లేదు.
వక్క కొరుక్కుంటూ ఇద్దరూ తగూలాడేవాళ్ళు,
రెక్కలున్నాయా, నడిచే వస్తారా అని.
పాలబరికె దగ్గరికొచ్చేసరికి తగువు ఆగేది.
ఎండాకాలం కొమ్మల నిండా తెల్లగా కనపడేవి పూలు కావు,
ఆరేసుకున్న రవికెలు.
గాటు పెడితే కారేది జిగురు కాదు,
బిడ్డ నోరు తీసేశాక ఆగని పాలు.
ఆకు నలిపితే కాసేపటికి తేలే నీలం
పైట అంచు, ముల్లుకి తగులుకుని చిరిగింది.

నేలవేము కోసేటప్పుడు నవ్వబాక, చేదు పోద్ది.
సుగంధిపాల వేరు మీద నీ నీడ పడనీబాక.
కొండగోగు పూసినప్పుడు దాని కింద తల దువ్వబాకమే,
ఒక్క ఆకన్నా లేని చెట్టు అది, నీ జుట్టు చూసి ఓర్చుకోలేదు.
దారిలో ఆడమనిషి ఎదురైతే ఊరడుగు, కూడడుగు,
పేరు మాత్రం అడగబాక.

దువ్వెనలు చేస్తే డజనుకొకటి పన్ను తక్కువ పెట్టాలి.
నిండు దువ్వెన చేతికి చిక్కిందా, వాళ్ళు దువ్వుకుంటూనే ఉంటారంట,
తెల్లారనియ్యరంట.
పన్ను లేని చోట చిక్కు పడితే
విసుక్కుని లేచిపోతారు.
అప్పుడు మనకి పొద్దు పొడుస్తుంది.

పోయినేడు హైదరాబాదు ఎగ్జిబిషనుకి మూడొందల స్పూన్లు అడిగారు.
పోలమ్మకి జ్వరం.
నేనే మామూ బండెక్కి పోయి
పచ్చి పాలబరికె నరికించుకొచ్చా, ఎవర్నీ అడక్కుండా.
నాలుగో రాత్రి అలమరలో టప్పు, మళ్ళీ టప్పు.
చాపలో పడుకుని లెక్కపెట్టా. నలభై దాకా గుర్తుంది.

నాకు తెలుసు, పచ్చికట్టె ఆరితే చీలుతుంది.
నానీ కూడా అదే అంది, కట్టె పచ్చిది అని.
జ్వరం తగ్గి వచ్చిన పోలమ్మ కూడా అదే అంది:
"పచ్చిదాన్ని అడక్కుండా ఎట్టా తెచ్చావుమే,
బిడ్డ తాగతా ఉంటే?"

తిరిగొచ్చిన దువ్వెన పట్టుకుని నిన్నగాక మొన్న కొండెక్కా.
మెట్ల పక్కన పాలబరికె మొదట్లో పెట్టి
వెనక్కి చూడకుండా దిగా.
అబద్ధం. రెండుసార్లు చూశా.

ఇవాళ మేకలు దిగుతున్నాయి.
వెనకాల ఒక పిల్ల, ముడిలో ఆ దువ్వెన.
పన్ను లేని సందులోంచి నాలుగు వెంట్రుకలు తప్పించుకుని
గాలికి ఎగరతా ఉన్నాయి.
ఊరడిగా. గండిపాలెం అంది.
కూడడిగా. సద్ది తాగానంది.
ఇంకోటి నాలిక చివరిదాకా వచ్చింది.
మేకలు మలుపు తిరిగాయి.

సేటుకి నూట ఇరవై పంపేశా.
కాయితంలో కారణం అని ఒక గడి ఉంది.
ఖాళీగా వదిలేశా.