కర్త

కెరిచోలో మధ్యాహ్నం రెండింటికి వాన పడుతుంది,
గడియారం లేనివాళ్ళకి అదే గడియారం.
పేవ్‌మెంట్ మీద నా కొట్టు.
నీలం పట్టా లాగి
ముందు ఇంగ్లిష్ గ్రామర్లు కప్పుతాను, తర్వాత నవలలు.
తడిసిన నవలనైనా ఎవరో ఒకరు కొంటారు
తడిసిన వ్యాకరణాన్ని ఎవరూ నమ్మరు.

ఆ శనివారం జెరోటిచ్ పట్టా కిందికే వచ్చేసింది.
టీ ఫ్యాక్టరీలో గుమాస్తా, నలభై దాటి ఉంటాయి.
గొడుగు ముడిచి, చేతులు స్కర్టుకి తుడుచుకుని
"పెద్దవాళ్ళు చదివే గ్రామర్ ఉందా, బరాసా?
బాతుబొమ్మలున్నది వద్దు,
ఆఫీసు బల్ల మీద పెట్టుకోవాలి."

ముప్పై రోజుల్లో నేర్పేదాన్ని చూపించాను.
"ముప్పై రోజులా? మంగళవారమే విచారణ" అంది.

సంచీలోంచి కార్బన్ కాపీ తీసింది,
నాలుగు మడతల్లో ఒకే ఒక్క వాక్యం,
తన చేతిరాత:
కిప్రుగుట్ చెయ్యి రోలర్లోకి వెళ్ళింది.

రెండు వేళ్ళు.
ఇన్సూరెన్సు వాళ్ళు ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివారట.
వెళ్ళిందంటే తనే పెట్టాడన్నమాట,
వాక్యంలో చెయ్యి కర్త
కాబట్టి తప్పూ చెయ్యిదే.
రోలర్ మీది ఇనప మూత
అంతకు ముందురోజే ఎవరో ఊడదీయించారు,
ఆకు ఎక్కువ వచ్చిందని, పని తొందరగా తెమలాలని.
"మా భాషలో అడిగుంటే
ఒక్క గుక్కలో చెప్పేసేదాన్ని" అంది జెరోటిచ్.
"ఇంగ్లిష్‌లో నాకు వచ్చిన క్రియ అదొక్కటే.
వెళ్ళడం."

అప్పుడు ఇటుకంత లావుది ఇచ్చాను, అట్ట గట్టిది,
నా కొట్లో అన్నిటికన్నా ఖరీదైనది.
నిలబడే చదివింది, పెదాలు కదుపుతూ:
ఉత్తరం పోస్టు చేయబడింది. కిటికీ పగలగొట్టబడింది.
చేసినవారెవరో తెలియనప్పుడు
లేదా చెప్పనక్కర లేనప్పుడు
కర్తను వదిలివేయవచ్చును.

పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.
"దీన్ని మా మేనేజర్ ఎప్పుడో చదివేశాడు."

ఇక మిగిలింది అట్ట ఊడిన బడి పుస్తకం.
అమ్ముడుపోదని బరువుకి అడుగున పెట్టాను.
ఆ పాఠం అందులోనూ ఉంది, అవే ఉత్తరం, కిటికీ.
కాకపోతే ఎవరో పిల్లో పిల్లవాడో
ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో
వంకర అక్షరాల్లో రాసుకుంటూ పోయారు:
ఎవరు?
ఎవరు?
ఒకచోట మరీ ఒత్తి రాస్తే
కాయితం చిరిగింది.

నాకు సిగ్గేసింది.
పెన్సిలు గీతలు చెరిపాకే అమ్ముతాను నేను, అది నా పద్ధతి.
"ఉండు, శుభ్రం చేసిస్తా" అని రబ్బరు తీశాను.
ఆమె నా మణికట్టు పట్టుకుంది.

బేరమాడలేదు.
బోర్లించిన సోడా పెట్టె మీద కూర్చుని
నా రసీదు వెనక్కి తిప్పి
పెన్ను మూత పళ్ళతో తీసింది.
నేను అటు చూడలేదు, చూడకూడదనిపించింది.
పట్టా మీద నిలిచిన నీళ్ళని కర్రతో పైకి తోస్తూ ఉన్నాను.

వాన తెరిపిచ్చింది. టీ బళ్ళు మళ్ళీ కదిలాయి.
ఆమె ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది.
అది ఒక పేరు.
పెద్ద అక్షరంతో మొదలవ్వాలని
ఏ పుస్తకమూ చెప్పక ముందే ఆమెకి తెలుసు.