ఆరు వారాల గుర్రం

"ఈ పడవ వయసెంత?" అని అడిగింది
కొలిచే టేపుతో లీమా నుంచి వచ్చిన అమ్మాయి.
దామాసో తాత ముడి పంటితో బిగించి
"మొన్న శనివారానికి మూడు వారాలు" అన్నాడు.
ఆమె రాసుకోబోయి ఆగింది.
"అది కాదు, అసలు వయసు..."
"ఓహో, ఆ వయసా?
అది మా తాతక్కూడా తెలీదు."

పక్క షెడ్డులో నేను
విరిగిన ఫైబర్ బోర్డుకి రెజిన్ పూస్తున్నాను.
నవ్వు మాస్కులోనే ఆవిరైంది.

ఉవాన్‌చాకోలో పడవకి పనికొచ్చే మాను ఒక్కటీ మొలవదు.
అంతా ఇసుక, ఇసుక మీద పొగమంచు.
మనిషిలోతు తవ్వితే
అటు ఉప్పనా కాని, ఇటు తీపీ కాని నీళ్ళు ఊరతాయి.
ఎవరో, ఎప్పుడో, ఆ గుంటల్లో తుంగ నాటారు.
కోశారు, ఎండబెట్టారు, మోపులు కట్టారు.
తల్లిమోపులు రెండు,
వాటి ఒళ్ళో పిల్లమోపులు రెండు.
ముక్కు పైకి వంచి
నురుగు దాటి వలకి పోయారు.

పోవడం ఆకలి పని.
రావడంలోనే ఒకనాడు
కెరటం ఒకటి వెనకనుంచి వచ్చి ఎత్తుకుంది.
తెడ్డు ఆగింది, పడవ ఆగలేదు.
ఆ మొదటివాడు ఏ భాషలో అరిచాడో
ఆ భాష ఇప్పుడు లేదు.
అరుపు ఉంది.
నిన్న సాయంత్రం నార్వే కుర్రాడొకడు
చేపా లేదు, వలా లేదు,
సరిగ్గా ఆ అరుపే అరిచాడు.

గుర్రమన్న పేరు ఓడల్లో వచ్చినవాళ్ళు పెట్టింది.
అంతకు ముందు ఈ నేల గుర్రాన్నే ఎరగదు.
పాత పేరు "తుప్" అంటాడు తాత.
అల అడుగున ఇసుక తగిలిన చప్పుడులా ఉంటుంది ఆ మాట.

చాన్ చాన్ మట్టిగోడల మీద కెరటాలున్నాయి.
మ్యూజియం కుండల మీద తుంగ నెక్కిన మనుషులున్నారు.
ఆ తుంగ మాత్రం ఎక్కడా లేదు.
ఆరు వారాలకి నీళ్ళు తాగి తాగి
ముసలి గాడిదలా బరువెక్కుతుంది.
తాళ్ళు కోసి, గోడకి చేరేసి, ఇంకోటి కట్టాల్సిందే.
కట్టడం మానేసిన మొదటి తరంతోనే
మూడు వేల ఏళ్ళూ
మూడు నెలల్లో కుళ్ళిపోతాయి.

నా షెడ్డు వెనక
ముప్ఫై ఏళ్ళనాటి బోర్డులు పడున్నాయి.
కుళ్ళవు, కాలవు,
పిల్లలు వాటి మీద చేపలు ఆరబెడతారు.
వాటిని ప్రేమించనని కాదు.
పదమూడో ఏట నన్ను నిలబెట్టింది
అలాంటి ఎర్ర బోర్డే.
ఆ రోజు నీళ్ళ మీద నా కాళ్ళు
నాకంటే ముందే పుట్టినట్టు అనిపించాయి.

పోయినేడు సముద్రం రెండు తుంగగుంటల్ని మింగింది.
తాత తిట్టలేదు.
ఇంకాస్త లోపలికి జరిగి పార తీశాడు.

లీమా అమ్మాయి చివరికి ఏమి రాసుకుందో చూళ్ళేదు.
తాత తాడు కొస నావైపు విసిరాడు.
"ఆ జిగురు చేతులు కడుక్కుని రా."
కడుక్కున్నాను. పట్టుకున్నాను.
మోకాలు మోపుకి అదిమి లాగాను.
"వదులు" అన్నాడు, విప్పేశాడు.
మళ్ళీ లాగాను.
"వదులు."
బయట ఆటు దిగిపోతోంది.
అరచేతిలో తాడు గీసిన చోట
ఉప్పు చుర్రుమంటోంది.