చీర మీద చొక్కా

బీరువా తెరిస్తే నలభై ఒక్క చీరలు.
లెక్క నాకు కొత్త కాదు,
ఆదోని యార్డులో కాటా కాడ
పదమూడేళ్లుగా పత్తి బండ్ల బరువు రాస్తాండా.
ఖాళీ బండి బరువు తీసేస్తేనే
సరుకెంతో తేలేది.

ఆ పొద్దు బీరువాకూ అదే లెక్క కట్టినా.
ఆడబిడ్డ గృహప్రవేశానికి పెట్టింది, తీసెయ్.
"చామనచాయకు లేత రంగులే" అని మేనత్త ఏరింది, తీసెయ్.
ఆషాఢంలో ఒకటి కొంటే ఇంకొకటి:
ఆ ఇంకొకటీ, ఆ ఒకటీ.
అద్దాలు గుచ్చుకునేది. నిలబడితే జారేది.
సన్నబడినంక కడదామని
ఆరేళ్లుగా మడత విప్పనిది.
తీసేయంగా తీసేయంగా
నా సరుకు మూడు చీరలు.
మూడూ నూలువే, మూడూ వెలిసినవే.

కార్తీకంలో వాన మోసం చేసింది.
తాడిపత్రి లారీకి చీటీ ఇచ్చి వచ్చేలోపల
నైలెక్స్ చీర ఒంటికి అంటుకపోయింది.
కాటా ముల్లు కంటే ముందు
డ్రైవర్ల చూపులు నన్ను తూచినాయి.
హమాలీ హులిగెమ్మ
మేకుకున్న చొక్కా తీసి నా మీదికి ఇసిరింది.
"ఏసుకో మేడం, సిగ్గుపడితే చలి పోదు."

మొగోళ్ల చొక్కా.
ముంజేతుల కాడ పత్తి పీచు,
కాలరు కింద ఉప్పుచారలు,
పై గుండీ పోయిన చోట పిన్నీసు.
ఏసుకున్నా.
భుజాలొచ్చి నా భుజాలున్న చోటనే కూర్చున్నాయి.
ఇన్నేళ్లూ కొప్పులో దోపిన పెన్నును
ఎడం జేబులో పెట్టినా,
చీటీల కట్ట పెట్టినా,
చెయ్యి ఖాళీ అయింది.
ఖాళీ చేత్తో ఏం చేయాల్నో తెలీక
కొంచేపు కిటికీలోంచి వాన పట్టినా.

పాత బస్టాండు కాడ ఇమాం హుసేన్
టేపు మెడలో వేసుకుని అడిగినాడు,
"జెంట్స్ కొలతలా, లేడీస్ కొలతలా మ్మా?"
"నా కొలతలన్నా" అంటే
పుస్తకంలో ఏ పక్క రాయాల్నో
ఆయనకు చానాసేపు తెలీలేదు.

మొదటిది చెడింది. చంకల కాడ పట్టేసింది,
ఉతికితే బెత్తెడు కురచయింది.
రెండోదానికి గుడ్డ ముందే నానబెట్టినా.
మూడోదానికి కాలరు చిన్నది చేయించినా.
ఏడాది పట్టింది,
అయిదు చొక్కాలకు, ఏడు చీరలకు.
రేగడి రంగు, కడప బండ రంగు,
వేరుశనక్కాయ పైపొట్టు రంగు,
ఒక్కటి మాత్రం, ఎందుకో చెప్పలేను,
కనకాంబరం.

స్టీలు సామాన్లామెకు పదహారు చీరలేస్తే
ఒక ఇడ్లీ పాత్ర ఇచ్చింది.
మూతకు సొట్ట.
మా ఆయన ఇడ్లీ తింటా
"పెండ్లిండ్లకూ ఇదే ఏషమా?" అన్నాడు.
"ఇదే" అన్నా. చట్నీ ఏసుకున్నాడు.
క్యాషియర్ వీరనాగప్ప
"మేడం కూలికి పోతాండాది" అని నవ్వినాడు.
నాలుగు దినాలు నవ్వి
అయిదో దినం పెన్ను కోసం నా జేబుకెల్లే చూసినాడు.

హులిగెమ్మ నవ్వలేదు.
నా కాలరు రెండేళ్లతో నలిపి చూసి
"నేను ఎండకేసుకుంటా,
పత్తికాయ ముల్లు గీరకుండా ఏసుకుంటా.
నువ్వు ఫ్యాను కింద ఏసుకుంటాండావు" అనింది.
నా కాడ జవాబు లేకపోయింది.
ఇప్పటికీ లేదు.

పొద్దు గూకేటప్పుడు తనే మళ్లొచ్చి
గొంతు తగ్గించి,
"మీ టైలరుకు చెప్పు, నాకూ ఒకటి.
జేబు లోపలికి పెట్టమను.
పైన ఉంటే మా ఇంటాయనకు అగుపడతాది."

టేపు లేదు.
బోరెం కుట్టే పురికొస తెంపుకుని
మెడ చుట్టూ ఒక ముడి,
భుజం నుంచి మణికట్టుకు ఒక ముడి,
రొమ్ము చుట్టూ తిప్పి, ఊపిరి బిగబట్టి,
మళ్లీ ఇడిసిపెట్టి
ఇంకొంచెం వదులుగా ఇంకో ముడి.

లారీ కాటా ఎక్కింది.
చీటీ రాసిచ్చినా.
ఆ పురికొస
నా ఎడం జేబులో ఉండాది.